ఒక పాసు... ఆరు దేశాలు!

పరీక్షలైపోయాయి. మళ్లీ తరగతులు మొదలవడానికి వారాల గడువుంది. చేతిలో డబ్బు చూస్తే అంతంతమాత్రం. అయినా సరే, భుజానికో బ్యాగు తగిలించుకుని రైలెక్కేస్తున్నారు ఐరోపాలో చదువుకుంటున్న మన పిల్లలు. పొద్దున ఒక దేశంలో టిఫిను, రాత్రికి మరో దేశంలో భోజనం. ఆ పట్టాల వెంట వాళ్లకు కనిపించేవి అందమైన ఊళ్లు మాత్రమే కాదు. ఒకప్పుడు మనుషుల్ని ఆపిన, విడదీసిన, చావుకు పంపిన స్టేషన్లు కూడా. అవే స్టేషన్ల మీదుగా ఇప్పుడు ఎవరూ అడ్డగించకుండా దేశాలు దాటగలగడం వెనక పెద్ద కథే ఉంది.

జర్మనీ పడమటి కొసన బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దుల్ని ఆనుకుని ఉంటుంది ఆఖెన్. ఇంజినీరింగ్ చదువులకు పేరున్న ఆర్‌డబ్ల్యూటీహెచ్ విశ్వవిద్యాలయం ఇక్కడిదే. ఊరి శివార్లలోని వాల్సర్‌బెర్గ్ గుట్టెక్కి, అక్కడి సరిహద్దు రాయి చుట్టూ నాలుగడుగులు వేస్తే మూడు దేశాలు తిరిగొచ్చినట్టే. పక్కనే ఉన్న వాల్స్ అనే డచ్ ఊళ్లో గది అద్దెకు తీసుకుని, అక్కణ్నుంచి బస్సులో ఆఖెన్‌కి వచ్చి చదువుకునే విద్యార్థులూ ఉన్నారు. వాళ్లకు కాలేజీకి వెళ్లడమంటే దేశం దాటడమే!

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో మాస్టర్స్ చదవడానికి ఇక్కడికి వచ్చిన అమ్మాయికి మొదట్లో ఇదంతా వింతగానే ఉంటుంది. ఆమెకు తెలిసిన సరిహద్దు వేరు. దాన్ని దాటడానికి వీసా అపాయింట్‌మెంట్ కోసం నెలల తరబడి ఎదురుచూసింది. ఏడాది ఖర్చులకు సరిపడా 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్లో ముందే చూపించింది. అలా వచ్చినవాళ్ల సంఖ్య తక్కువేం కాదు. 2022-23 శీతాకాల సెమిస్టర్‌లో జర్మనీలోని భారతీయ విద్యార్థులు 42,997 మంది. చైనాను దాటి విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లే మొదటి స్థానానికి చేరారు. మరుసటి ఏడాదికి ఆ సంఖ్య 49,483 అయింది.

శీతాకాల సెమిస్టర్ తరగతులు ఫిబ్రవరిలో ముగిస్తే వేసవి సెమిస్టర్ ఏప్రిల్లో మొదలవుతుంది. జులైలో అది పూర్తయ్యాక మళ్లీ అక్టోబరు దాకా తరగతులుండవు. అన్నీ సెలవులే అనుకోవడానికి లేదు. పరీక్షలు, ప్రాజెక్టు రిపోర్టులు ఆ మధ్యలోనే. పైగా ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని వచ్చినవాళ్లకు నాలుగు డబ్బులు సంపాదించుకునే కాలమూ అదే. విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి పనిదినాలు ఉద్యోగం చేసుకోవచ్చు. చాలామంది వాటిని సెలవుల్లోనే వాడుకుంటారు. గోదాములో పెట్టెలు సర్దో, రెస్టరెంట్లో గిన్నెలు తోమో కూడబెట్టిన దాంట్లోంచి కొంత పక్కన పెట్టి, పదిపన్నెండు రోజులు ఖాళీ చేసుకుని బయల్దేరతారు. అందుకే ఈ ప్రయాణాన్ని విలాసంగా చూడకూడదు. వాళ్ల ప్రతి యూరో వెనకా చెమట ఉంది.

పాస్‌పోర్టు రంగు చూడరు!

ఐరోపా కుర్రకారుకు రైలు ప్రయాణాన్ని అలవాటు చేసింది ఇంటర్‌రైల్ పాసు. అంతర్జాతీయ రైల్వే సమాఖ్యకు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1972లో దీన్ని తెచ్చారు. అప్పట్లో 21 ఏళ్ల లోపువారికే ఇచ్చేవారు. నెల రోజులపాటు 21 దేశాల్లో ఎక్కడికైనా తిరగొచ్చు. తల్లిదండ్రులు యుద్ధంలో చూసిన దేశాలను వాళ్ల పిల్లలు వీపున సంచి వేసుకుని చూసొచ్చారు. 1998లో వయసు పరిమితి ఎత్తేశారు. ఇప్పుడు ఈ పాసు 33 దేశాల్లో చెల్లుతుంది. 27 ఏళ్ల వరకూ ధరలో రాయితీ ఉంటుంది.

మన విద్యార్థులకు పనికొచ్చే మెలిక ఒకటుంది. భారత్ నుంచి పర్యటనకు వెళ్లేవారు కొనాల్సింది యూరైల్ పాసు. ఐరోపాలో నివసించేవారిది ఇంటర్‌రైల్. ఇక్కడ చూసేది పౌరసత్వం కాదు, నివాసం. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్న తెలుగు విద్యార్థి కూడా పక్క బెంచీలోని జర్మన్ స్నేహితుడిలాగే ఇంటర్‌రైల్ తీసుకోవచ్చు. అదే పర్మిట్‌తో మిగతా షెంజెన్ దేశాల్లో ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజుల వరకూ వీసా లేకుండా తిరగొచ్చు.

అయితే ఇంటర్‌రైల్‌కి ఒక షరతుంది. ఎవరు ఏ దేశంలో ఉంటున్నారో ఆ దేశంలో మాత్రం వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి మాత్రమే వాడుకోవాలి. ఆ లోటును సెమిస్టర్ టికెట్ తీరుస్తుంది. 2023 మేలో జర్మనీ 49 యూరోల నెలవారీ టికెట్ తెచ్చింది. 2025 జనవరిలో అది 58 యూరోలైంది. దానితో దేశమంతటా ప్రాంతీయ రైళ్లు, మెట్రోలు, ట్రాములు, సిటీ బస్సులు ఎక్కొచ్చు. ఈ పథకంలో చేరిన విశ్వవిద్యాలయాల విద్యార్థులకు దాన్నే సెమిస్టర్ టికెట్‌గా 60 శాతం ధరకే ఇస్తున్నారు. వేగంగా వెళ్లే ఐసీఈ రైళ్లలో ఇది చెల్లదు. దాంతో ఆఖెన్ నుంచి బెర్లిన్‌కి ప్రాంతీయ రైళ్లు మారుకుంటూ పోతే పగలంతా పడుతుంది. కానీ అదనంగా ఒక్క సెంటు కూడా ఖర్చు కాదు!

తొలి మజిలీ గంట దూరంలోని కొలోన్. స్టేషన్ తలుపు దాటి బయటికొస్తే ఎదురుగా 157 మీటర్ల ఎత్తున జంట శిఖరాలతో కథీడ్రల్. 1248లో పునాది వేస్తే 1880లో పూర్తయింది. తర్వాతి రైలుకి అరగంటే ఉన్నా ఒక్క పరుగున వెళ్లి తల పైకెత్తి చూసొచ్చేంత దగ్గర.

పదిహేడో నంబరు ప్లాట్‌ఫాం

బెర్లిన్లో ఫ్రీడ్రిష్‌స్ట్రాసె అనే స్టేషనుంది. రోజూ వేలమంది ఎక్కి దిగుతుంటారు. నగరం రెండుగా చీలి ఉన్న రోజుల్లో ఇది తూర్పు బెర్లిన్లో ఉన్నా పశ్చిమ బెర్లిన్ రైళ్లు కూడా దీని గుండా వెళ్లేవి. ఒకే స్టేషన్లో మధ్యన గోడలు, తనిఖీ గదులు. పశ్చిమం నుంచి వచ్చి బంధువుల్ని చూసుకుని తిరిగి వెళ్లేవాళ్లకోసం 1962లో పక్కనే అద్దాల హాలు కట్టారు. సాగనంపడానికి వచ్చినవాళ్లు దాని గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. మళ్లీ ఎప్పుడు చూస్తామో తెలియని ఆ వీడ్కోళ్లను చూసి జనం దానికి ‘కన్నీళ్ల మేడ’ అని పేరు పెట్టారు. ఇప్పుడది మ్యూజియం. ప్రవేశం ఉచితం. పాస్‌పోర్టు తనిఖీ చేసిన ఇరుకు గదుల్ని అలాగే ఉంచారు. వాటిలో నిలబడితే భుజాలు రెండు పక్కలా గోడకు తగులుతాయేమో అనిపిస్తుంది.

అక్కణ్నుంచి నడిచి వెళ్లేంత దూరంలో హంబోల్ట్ విశ్వవిద్యాలయం. తెలుగు విద్యార్థి ఆ వాకిట్లో ఒకసారి ఆగాల్సిందే. హైదరాబాద్‌లో పుట్టి, తర్వాత మన రాష్ట్రపతి అయిన జాకిర్ హుస్సేన్ 1926లో డాక్టరేట్ అందుకున్నది బెర్లిన్లోనే. చదువుకోసం ఈ నగరానికి రావడం మనవాళ్లకు నిన్నామొన్న మొదలైంది కాదు.

నగరం పడమటి వైపు గ్రూనెవాల్డ్ స్టేషన్. చుట్టూ చెట్లు, విల్లాలు. అక్కడి 17వ నంబరు ప్లాట్‌ఫాం మీదికి ఇప్పుడు రైలు రాదు. పట్టాల మధ్య మొక్కలు మొలిచాయి. ప్లాట్‌ఫాం అంచు పొడవునా 186 ఉక్కు పలకలు పరిచి ఉన్నాయి. వంగి చూస్తే ఒక్కో పలక మీదా ఒక తేదీ, తీసుకెళ్లిన యూదుల సంఖ్య, రైలు ఎక్కడికి వెళ్లిందో ఆ ఊరి పేరు. 1941 అక్టోబరు 18న మొదటి రైలు కదిలింది. ఆ పలకల వెంట నడుచుకుంటూ వెళ్తే తేదీలు మారుతుంటాయి, ఊళ్ల పేర్లు మారుతుంటాయి. జర్మన్ రైల్వేయే 1998లో ఈ స్మారకాన్ని ఏర్పాటు చేసింది. తన రైళ్లు ఏం చేశాయో ఆ దేశం దాచిపెట్టకుండా తేదీలతో సహా రాసుకుంది. టీవీ టవర్, బెర్లిన్ గోడ మీది బొమ్మలు చూసి వెనక్కి వచ్చేసేవారు ఇక్కడికి కూడా రావాలి. లోకల్ రైల్లో కాసేపటి ప్రయాణమే.

నది పక్కన దారి

బెర్లిన్ నుంచి డ్రెస్డెన్. 1945 ఫిబ్రవరిలో బాంబుదాడికి కూలిన ఫ్రావెన్‌కిర్షె చర్చిని నలభై ఏళ్లకు పైగా శిథిలంగానే వదిలేశారు. రెండు జర్మనీలు కలిశాక మళ్లీ కట్టి 2005లో తెరిచారు. గోడల్లో అక్కడక్కడా నల్లటి రాళ్లు కనిపిస్తాయి. అవి పాత చర్చివి. తెల్లటివి కొత్తవి.

ఇక్కణ్నుంచి చెక్ సరిహద్దు దాకా సెమిస్టర్ టికెట్ మీద ఎస్-1 లోకల్ రైలు వెళ్తుంది. ఎడమవైపు కిటికీ సీటు పట్టుకోవాలి. ఎల్బ నది పక్కపక్కనే నడుస్తుంటుంది. అవతలి గట్టున స్తంభాల్లా నిలువునా లేచిన ఇసుకరాతి కొండలు. రాతెన్‌లో దిగి పడవలో నది దాటి కొండెక్కితే 1851లో కట్టిన బాస్టై రాతి వంతెన. ఆ పైనుంచి చూస్తే కింద రైలు బొమ్మరైలంత.

సరిహద్దు దాటి చెక్ గణతంత్రంలోకి వెళ్లినా నది అదే, కొండలు అవే. ప్రకటనల్లో ముందుగా వినిపించే భాష మారుతుంది. టికెట్ చూసే ఉద్యోగి మారతాడు. అంతే.

ప్రాగ్ ప్రధాన స్టేషన్లో దిగినవాళ్లలో చాలామంది నేరుగా చార్లెస్ వంతెన వైపు పరుగు తీస్తారు. 1357లో మొదలుపెట్టిన వంతెన, 1410 నాటి ఖగోళ గడియారం... అవీ చూడాల్సినవే. కానీ ముందు ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీద ఒక విగ్రహం ఉంది. కళ్లద్దాలు పెట్టుకున్న మనిషి చంకలో పసివాణ్ని ఎత్తుకుని నిలబడి ఉంటాడు. పక్కనే ఒక పాప, దగ్గర్లో సూట్‌కేసు. ఆయన నికొలస్ వింటన్. లండన్లో స్టాక్ బ్రోకర్. నాజీలు చెకోస్లవేకియాను ఆక్రమించుకుంటున్న 1939లో, ఎక్కువమంది యూదులైన 669 మంది పిల్లల్ని మిత్రుల సాయంతో రైళ్లలో బ్రిటన్ చేర్చాడు. ఒక్కో బిడ్డకీ పెంచుకునే కుటుంబాన్ని వెతికాడు, పూచీకత్తు డబ్బు పోగుచేశాడు, కాగితాలు తయారుచేయించాడు. సెప్టెంబరు 1న దాదాపు 250 మంది పిల్లలతో మరో రైలు బయల్దేరాలి. ఆ రోజే యుద్ధం మొదలైంది. రైలు కదల్లేదు. వింటన్ చేసిన పని 1988లో బీబీసీ కార్యక్రమం వల్ల లోకానికి తెలిసింది. ఆయన 106 ఏళ్లు బతికి 2015లో కన్నుమూశాడు.

అదే స్టేషన్లో 2017లో ఇంకో స్మారకం పెట్టారు. పాతకాలపు రైలు పెట్టె తలుపు. దాని అద్దానికి ఒకవైపు చిన్నపిల్లల అరచేతులు, రెండోవైపు పెద్దవాళ్ల అరచేతులు అచ్చు పడి ఉంటాయి. లోపల పిల్లలు, బయట అమ్మానాన్నలు. ఆ తల్లిదండ్రుల్లో చాలామంది మళ్లీ తమ బిడ్డల్ని చూడలేదు. ఇంటికి దూరంగా చదువుకుంటున్న పిల్లలెవరైనా అక్కడ నిలబడి ఫోన్ తీసేది ఫొటో కోసం కాదు... ఇంటికి చేయడానికే.

రెయిలింగుకి కట్టిన స్కార్ఫు

ప్రాగ్ నుంచి వియన్నాకు నాలుగు గంటలు. సంగీతానికి రాజధానిలాంటి ఈ నగరంలో 1869 నుంచి నడుస్తున్న స్టేట్ ఒపెరాలో మంచి సీటు ధర విద్యార్థి వారం తిండిఖర్చును మించుతుంది. కానీ అక్కడే నాలుగు వందలకు పైగా ‘నిలబడి చూసే’ స్థలాలున్నాయి. వాటిని తక్కువ ధరకే అమ్ముతారు. టికెట్ దొరికిన వెంటనే లోపలికి వెళ్లి, తన చోటు ముందున్న రెయిలింగుకి స్కార్ఫు కట్టేయడం అక్కడి ఆనవాయితీ. ఇక ఆ చోటు వాళ్లదే. నీళ్లు తాగడానికి బయటికెళ్లినా ఎవరూ ఆక్రమించరు. మూడు గంటలు నిలబడితే కాళ్లు పీకుతాయి, నిజమే. కానీ ప్రపంచంలోని గొప్ప గాయకుల్ని అంత దగ్గరగా విని వచ్చిన విద్యార్థి కాళ్లనొప్పి మాట ఎత్తడు.

వియన్నాలో నీళ్ల సీసా కొనడం అనవసరం. 1873లో మొదటిసారి ఆల్ప్స్ ఊటల నుంచి నగరానికి కాలువ వేసి తెచ్చారు. ఆ కొండనీళ్లే ఇవాళ్టికీ కుళాయిల్లో వస్తున్నాయి. వీధి పక్కన కనిపించే తాగునీటి కుళాయిల దగ్గర సీసా నింపుకుంటే చాలు. హాస్టళ్లలో వంటగది కూడా అంతే మేలు చేస్తుంది. సూపర్‌మార్కెట్లో ఉల్లిపాయలు, టమాటాలు, అరకిలో బియ్యం కొనుక్కొచ్చి, వెంట తెచ్చుకున్న కారప్పొడి, ఊరగాయ సీసా బయటికి తీస్తే పూట గడిచిపోతుంది. అదే వంటగదిలో ఓ మూల అల్మరా ఉంటుంది. ఖాళీ చేసి వెళ్లిపోయేవాళ్లు వదిలిన ఉప్పు, నూనె, పాస్తా పొట్లాలు అందులో పెడతారు. కావలసినవాళ్లు తీసుకోవచ్చు. అవసరం తీరాక మిగిలింది మళ్లీ అక్కడే పెట్టాలి.

వియన్నా నుంచి ఇటలీ దారి పట్టిన రైలు కాసేపటికే సెమ్మరింగ్ కొండలెక్కుతుంది. విశాఖ నుంచి అరకు రైలెక్కినవారికి ఇక్కడి మలుపులు, సొరంగాలు, లోయమీది వంతెనలు పరిచయమైనట్టే ఉంటాయి. తేడా అల్లా కాలంలోనే. ఇది 1848 నుంచి 1854 మధ్య కట్టింది! డైనమైట్ ఇంకా పుట్టలేదు. ఇలాంటి ఏటవాలు ఎక్కగల ఇంజనూ అప్పటికి లేదు. ఇంజినీరు కార్ల్ ఫాన్ గేగా దారి ముందు వేయించాడు. ఇంజను కోసం 1851లో పోటీ పెట్టారు. దాదాపు ఇరవై వేలమంది కూలీలు కొండను చేతులతో తొలిచారు. ప్రమాదాల్లో, అంటురోగాల్లో వందలమంది పోయారు. 41 కిలోమీటర్ల ఈ దారిని 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ తర్వాతి ఏడాది మన డార్జీలింగ్ రైలుకు ఆ గౌరవం దక్కింది. సెమ్మరింగ్ కింద 27 కిలోమీటర్ల కొత్త సొరంగం తవ్వుతున్నారు. అది పూర్తయితే వేగంగా వెళ్లే రైళ్లు కొండ కిందనుంచే దూసుకుపోతాయి. రాతి వంతెనల మీద నెమ్మదిగా ఎక్కుతూ కిటికీలోంచి చూసే అదృష్టం ఇప్పుడు చదువుకుంటున్నవాళ్లకే.

ఇంటి నుంచి ఫోన్ వచ్చేదీ సరిగ్గా ఇలాంటప్పుడే.

“ఎక్కడున్నావే?”

“ఇటలీలోకి వచ్చేశానమ్మా.”

“పొద్దున ఆస్ట్రియా అన్నావుగా! మధ్యలో ఎవరూ ఆపలేదూ?”

“లేదమ్మా, టికెట్ చూశారు, అంతే.”

నీళ్లమీద రైలు

ఉడినె దాటి, చీకటి పడే వేళకు వెనిస్. మెస్త్రె స్టేషన్ తర్వాత నేల అయిపోతుంది. ఉప్పుకయ్య మీద మూడున్నర కిలోమీటర్లకు పైగా సాగే వంతెన మీద రైలు పోతుంటే రెండు వైపులా నీళ్లే. ఆస్ట్రియా పాలనలో 1846లో ఈ వంతెన కట్టేదాకా వెనిస్‌కి పడవే గతి. శాంతా లూచియా స్టేషన్ మెట్ల కింద రోడ్డుండదు. గ్రాండ్ కెనాల్ ఉంటుంది.

ఇక్కడ బస చేయాలంటే విద్యార్థి జేబు తట్టుకోలేదు. అందుకే చాలామంది మెస్త్రెలో ఉంటారు. రైల్లో పది నిమిషాల దూరం. 2024 ఏప్రిల్ నుంచి, రద్దీగా ఉండే కొన్ని రోజుల్లో ఒక పూట వచ్చి వెళ్లే సందర్శకుల నుంచి వెనిస్ ప్రవేశ రుసుము వసూలు చేస్తోంది. రాత్రి బస చేసేవాళ్లకు మినహాయింపు ఉంది. మెస్త్రె కూడా వెనిస్ పురపాలక పరిధిలోదే కాబట్టి అక్కడ ఉన్నా ఆ మినహాయింపు వర్తిస్తుంది. కాకపోతే ముందుగా ఆన్‌లైన్లో నమోదు చేసుకోవాలి. ఆ వసూలు వెనక ఊరి బాధ ఉంది. పర్యాటకుల తాకిడికి అద్దెలు పెరిగి, పాత నగరంలో స్థానికుల సంఖ్య 50 వేల లోపుకి పడిపోయింది. కాబట్టి రాత్రి ఉండి, తెల్లవారకముందే లేచి, పడవల్లో కూరగాయలు దిగుతున్న వేళ వీధులు చూడటం మంచిది. ఊరు ఊరిలా కనిపించేది అప్పుడే.

మిలాన్‌లో రైలు మారేటప్పుడు 1931 నాటి సెంట్రల్ స్టేషన్ ఆకాశమంత కప్పు చూసి నోరు తెరవని వాళ్లుండరు. దాని కిందే, సరకుల అంతస్తులో 21వ నంబరు ప్లాట్‌ఫాం స్మారకం. పదమూడేళ్ల లిలియానా సెగ్రెను 1944 జనవరిలో ఇక్కణ్నుంచే ఆష్విట్జ్ మరణశిబిరానికి పంపారు. బతికి బయటపడిన ఆమెను 2018లో ఇటలీ జీవితకాల సెనేటర్‌గా గౌరవించింది.

మంచు గీత దాటాక

మిలాన్ నుంచి కోమో సరస్సు ఒడ్డు వెంట వెళ్తే తిరానో. అక్కడ మొదలవుతుంది స్విస్ ఎర్ర రైలు. 1910లో పూర్తయిన బెర్నీనా మార్గం సముద్రమట్టానికి 429 మీటర్ల ఎత్తున తిరానోలో బయల్దేరి 2,253 మీటర్లకు ఎక్కుతుంది. పళ్లచక్రాల సాయం లేకుండా మామూలు పట్టాల మీదే! బ్రూసియో దగ్గర లోయ ఇరుకు. నేరుగా ఎక్కడానికి చోటు చాలదు. దాంతో రైలు తొమ్మిది కమానుల రాతి వంతెన కిందనుంచి దూరి, గుండ్రంగా ఒక చుట్టు చుట్టి, అదే వంతెన మీదికి ఎక్కి పైకి పోతుంది. వెనక పెట్టెలో కూర్చున్నవాళ్లకు ముందరి ఇంజను పక్క కిటికీలోంచి కనిపిస్తుంది.

పెద్ద అద్దాల బెర్నీనా ఎక్స్‌ప్రెస్‌కి రిజర్వేషన్ రుసుము కట్టాలి. అవే పట్టాల మీద, అవే కొండల మధ్య తిరిగే మామూలు ప్యాసింజరుకి పాసు ఒక్కటే చాలు. విద్యార్థులు ఎక్కేది దాన్నే. చివరి ఎత్తున లాగో బియాంకో అనే సరస్సు పక్కగా రైలు వెళ్తుంది. అక్కడ నేల రెండుగా చీలుతుంది. ఇటువైపు పడిన వాన పో నదిలో కలిసి ఆడ్రియాటిక్ చేరుతుంది. అటువైపు పడింది ఇన్ నది గుండా డాన్యూబ్‌లోకి పోయి, వియన్నా మీదుగా నల్లసముద్రం దాకా ప్రయాణిస్తుంది.

ట్రామ్ టికెట్‌తో రైన్ దాటి

జూరిక్, బాసెల్ దాటి ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్. ఈ ఊరి కథ వింటే సరిహద్దు అనేది ఎంత బరువైందో తెలుస్తుంది. 1871లో ఫ్రాన్స్ నుంచి జర్మనీ చేతికి, 1918లో మళ్లీ ఫ్రాన్స్‌కి, 1940లో జర్మనీకి, 1944లో తిరిగి ఫ్రాన్స్‌కి. డెబ్బయ్యయిదేళ్లు బతికిన మనిషి ఇల్లు కదలకుండానే నాలుగుసార్లు దేశం మారాడు. ప్రతిసారీ బళ్లో భాష మారింది, వీధుల పేర్లు మారాయి. యువకుల్ని ఒకసారి ఒక సైన్యంలోకి, మరోసారి ఇంకో సైన్యంలోకి లాక్కెళ్లారు. ఇప్పుడు యూరోపియన్ పార్లమెంటు సమావేశమయ్యేది ఆ ఊళ్లోనే.

2017 ఏప్రిల్ నుంచి స్ట్రాస్‌బోర్గ్ సిటీ ట్రామ్ రైన్ నది మీది కొత్త వంతెన దాటి జర్మనీలోని కేల్ దాకా నడుస్తోంది. ఉదయాన్నే అందులో ఎక్కితే అటు నుంచి ఇటు పనికి వచ్చేవాళ్లు, ఇటు నుంచి అటు సరుకులు కొనుక్కోవడానికి వెళ్లేవాళ్లు. రెండు దేశాల సైన్యాలు తలపడిన నదిని ఓ పెద్దావిడ కూరగాయల సంచితో దాటేస్తుంది.

అయితే ఈ తలుపులు ఎల్లకాలం ఇలాగే తెరిచి ఉంటాయనే భరోసా లేదు. వలసల మీద రాజకీయం వేడెక్కడంతో 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నింటిలో తాత్కాలిక తనిఖీలు మొదలుపెట్టింది. రైళ్లలో, ట్రాముల్లో పోలీసులు ఎక్కి కాగితాలు అడుగుతున్నారు. పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్ రెండూ అసలువి వెంట ఉండాల్సిందే. ఫోన్‌లో ఫొటో చూపిస్తే కుదరదు. ఆ కాగితాలు అడిగించుకున్న విద్యార్థికి, అడగకుండా దాటిన సరిహద్దుల విలువ ఇంకాస్త బాగా అర్థమవుతుంది.

బయల్దేరే ముందు

ఇలాంటి చుట్టు ప్రయాణానికి ‘నెలలో ఏడు ప్రయాణ దినాలు’ తరహా పాసు సరిపోతుంది. రైలెక్కిన రోజే లెక్కలోకి వస్తుంది. ఊళ్లో ఆగి తిరిగిన రోజులు రావు. అర్ధరాత్రికి ముందు రాత్రి రైలెక్కి తెల్లారి దిగితే ఒక్క రోజే ఖర్చవుతుంది, హాస్టల్ అద్దె కూడా మిగులుతుంది. కాకపోతే రాత్రి రైళ్లకు, ఫ్రాన్స్ టీజీవీలకు, ఇటలీ వేగరైళ్లకు పాసు ఉన్నా విడిగా రిజర్వేషన్ తప్పనిసరి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో చాలా రైళ్లకు అక్కర్లేదు.

రైళ్లన్నీ గడియారం ముల్లులా నడుస్తాయనుకుంటే పొరపాటు. 2024లో జర్మనీ దూరప్రయాణ రైళ్లలో సమయపాలన 62.5 శాతమే. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కించకుండా! అందుకే రైలు మారే చోట కనీసం అరగంట వ్యవధి పెట్టుకోవాలి. రాత్రి చివరి రైలు మీద ఆధారపడకూడదు. మామూలు టికెట్‌తో ప్రయాణిస్తూ గంటకు పైగా ఆలస్యమైతే ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారం కోరే హక్కును ఐరోపా చట్టం ఇస్తోంది. రసీదులు దాచుకోవాలి.

పారిస్ దారి పట్టేవాళ్లకు ఇంకో వెసులుబాటు. ఐరోపా ఆర్థిక ప్రాంతంలో నివసించే 26 ఏళ్ల లోపువారికి లూవ్ర్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. ఇక్కడా చూసేది పౌరసత్వం కాదు, నివాసమే. టికెట్ కౌంటర్ దగ్గర పర్మిట్ చూపించాలన్న సంగతి తెలియక డబ్బు కట్టేసేవాళ్లు ఎందరో.

ఇక పాసు కొనే స్తోమత కూడా లేదనుకునే విద్యార్థికి ఈ కథనంలోని అన్నిటికన్నా చవకైన దారి ఒకటి చెప్పాలి. జర్మనీ నైరుతి మూలన మోసెల్ నది ఒడ్డున పెర్ల్ అనే చిన్న స్టేషను. సెమిస్టర్ టికెట్‌తో అక్కడి దాకా వెళ్లొచ్చు. దిగి వంతెన మీద నాలుగడుగులు నడిచి నది దాటితే లక్సెంబర్గ్. అవతలి ఒడ్డునున్న ఊరి పేరు షెంజెన్. 1985 జూన్ 14న ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ప్రతినిధులు ఇక్కడ ‘ప్రిన్సెస్ మరీ ఆస్ట్రిడ్’ అనే పడవ మీద కూర్చుని సరిహద్దు తనిఖీలు ఎత్తేసే ఒప్పందం మీద సంతకాలు చేశారు. మూడు దేశాల సరిహద్దులు కలిసే చోటు కాబట్టి దీన్ని ఎంచుకున్నారు. పదేళ్ల తర్వాత 1995లో అది అమల్లోకి వచ్చింది. అయిదు దేశాలతో మొదలై ఇప్పుడు 29 దేశాలకు విస్తరించింది. ‘షెంజెన్ వీసా’ అన్నప్పుడు మనం పలికే పేరు ఈ ద్రాక్షతోటల పల్లెటూరిదే. ఆనాటి పడవను ఒప్పందానికి నలభై ఏళ్లు నిండిన 2025లో తిరిగి తెచ్చి అక్కడి రేవులో నిలిపారు. లోపలికి వెళ్లి చూడొచ్చు. తిరుగు ప్రయాణానికి ఇంకా పొద్దుంటే లక్సెంబర్గ్ నగరం కూడా చూసి రావొచ్చు. 2020 మార్చి 1 నుంచి ఆ దేశంలో బస్సులు, ట్రాములు, రెండో తరగతి రైళ్లు అందరికీ ఉచితం.